కోరపన్ను బొక్కలో పడుకుంది, పాలపన్ను ఊగుతోంది: పీకించి ఇంప్లాంట్ పెట్టించుకోవాలా?

హనుమకొండ అక్క · 2024 ఫిబ్రవరి 27, రాత్రి 9:40

అందరికీ నమస్తే. వయసు 34, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మొన్న మేడారం జాతర నుంచి మా ఆడబిడ్డ వాళ్లు బంగారం ప్రసాదం తెచ్చిచ్చారు. బెల్లం గడ్డ కదా, పగలగొట్టుకోకుండా అట్లే కొరికాను. పైన ఎడమ పక్క కోరపన్ను కదిలింది. నొప్పి లేదు, రక్తం లేదు. నాలుకతో నెడితే ఊగుతోంది, అంతే.

హాస్పిటల్‌కు పోతే ఓపీజీ అని, పళ్లన్నీ ఒకేసారి పడే ఎక్స్-రే తీశారు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ నేను కోరపన్ను అనుకున్నది పాలపన్నట! అసలుది బయటికే రాలేదు. పైన బొక్కలో, అంటే ఎముకలో, అంగిలి వైపు, అడ్డంగా పడుకుని ఉంది. ముప్పై నాలుగేళ్లకు నాకింకా పాలపన్ను ఉందని మా ఆయన ఇప్పటికీ నవ్వుతున్నాడు.

డాక్టరుది ఒకటే మాట: "రెండూ తీసేద్దాం, అదే రోజు ఇంప్లాంట్ పెట్టేద్దాం. రేపే రండి, పదివేలు అడ్వాన్సు కట్టండి." ఇంప్లాంట్ అంటే బొక్కలో స్క్రూ పాతి, దాని మీద క్యాప్‌లా పన్ను బిగించడమట. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. నొప్పి లేకుండా పడుకున్న పన్నును ఎందుకు లేపాలి? దాన్నే కిందికి లాగుతారని విన్నాను, నా వయసుకు అవుతుందా? పక్క పళ్లకు ఆనించి కట్టే బ్రిడ్జి చాలదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. రెండు రాత్రులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

కాజీపేట రైలుబండి · ఫిబ్రవరి 27, రాత్రి 9:58

అక్కా, ఆ పాలపన్ను ఊడితే మాత్రం పారేయకండి. పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరేయాలి, అప్పుడే కొత్తది వస్తుంది. మీది అపార్ట్‌మెంట్ అయితే ఎన్నో అంతస్తో చెప్పండి, చేతిలో అంత బలమున్నవాణ్ని పంపిస్తా.

నాకు పళ్ల సంగతి ఏం తెలియదు. మన జమ్మికుంట డాక్టరు గారు రాత్రి పదకొండు దాటాక వస్తారు, ఆగండి.

నర్సంపేట పెద్దాయన · ఫిబ్రవరి 27, రాత్రి 10:15

తొందరపడకు బిడ్డా. పై కోరపన్ను పీకితే కంటిచూపు మందగిస్తుందని మా అవ్వ చెప్పేది. నా మటుకు బ్రిడ్జే మేలు. 2009లో వేయించుకున్నా, ఇప్పటికీ మక్క కంకి కొరికే తింటున్నా. లోపలి పన్నును దాని మానాన దాన్ని ఉండనియ్యి.

పరకాల పిల్ల · ఫిబ్రవరి 27, రాత్రి 10:31

నాదీ ఇదే కేసు అక్కా, కాకపోతే అప్పటికి నాకు 19. అంగిట్లో చిన్న కోత పెట్టి, లోపలి పన్ను కనిపించేదాకా బొక్క కొంచెం తీసి, దానికి ఒక బిళ్ల అతికించి సన్నటి బంగారు రంగు గొలుసు వేలాడదీశారు. మెడలో వేసుకునే గొలుసులో పదో వంతు లావు కూడా ఉండదు. పళ్లన్నిటికీ క్లిప్పులు వేసి, ఆ గొలుసును తీగకు కట్టారు. పోయినప్పుడల్లా బిగించి, పన్ను ఎంత దిగితే గొలుసులో అన్ని రింగులు కత్తిరించేవారు. మొత్తం 26 నెలలు. ఒక రింగు కత్తిరించిన రోజు మా ఇంట్లో పాయసం.

నొప్పి భరించొచ్చు. గొలుసు చివర నాలుకకు గీసుకోవడమే చిరాకు. కానీ ఇప్పుడు నాది సొంత పన్ను.

జమ్మికుంట పళ్ల డాక్టరు · ఫిబ్రవరి 27, రాత్రి 11:47

క్లినిక్ మూసి ఇప్పుడే ఇల్లు చేరాను. నోరు చూడకుండా ఫలానాది చేయించుకోండని చెప్పలేను, మీరు ఏం అడగాలో మాత్రం చెబుతా.

జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా లోపలే ఇరుక్కుపోయేది పై కోరపన్నే. వందలో ఒకరిద్దరికి ఉంటుంది, ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. పళ్లన్నిటిలో దాని వేరే పొడుగు, అది దిగిరావాల్సిన దారీ పొడుగే. పదకొండు, పన్నెండేళ్లకు రావాలి. దారి తప్పితే ఎక్కువగా అంగిలి వైపే పోతుంది. పైనుంచి కొత్తది వచ్చి ఒత్తితే పాలపన్ను వేరు త్వరగా కరిగి ఊడుతుంది. మీకు ఒత్తేది రాలేదు కాబట్టి అది ఇన్నేళ్లు నిలబడింది. గట్టిగా ఉండి ఉంటే దాన్ని కదిలించొద్దనే చెప్పేవాణ్ని, ఎందుకంటే గట్టిగా ఉన్న పాలపన్ను కంటే మంచి ఇంప్లాంట్ లేదు. లోపలి పన్నును కూడా ఏడాదికో రెండేళ్లకో ఎక్స్-రే తీసి చూసుకుంటూ వదిలేసేవాళ్లు ఉన్నారు. కానీ మీది ఊగుతోంది, కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోవాలి.

పెద్దాయనా, చూపు నరం వేరు, పళ్ల నరం వేరు. పళ్లు ఊడే వయసూ చూపు తగ్గే వయసూ ఒకటే కావడంతో మనవాళ్లు రెండింటికీ ముడిపెట్టారు. ఇక బ్రిడ్జి. మీది దవడ పన్ను అయి ఉంటుంది. కోరపన్ను చోట బ్రిడ్జి వేయాలంటే ఇటు చిన్న ముందుపన్నునూ అటు వెనకపన్నునూ అరగదీయాలి. ఆ ముందుపన్ను వేరు సన్నం. నోటిని పక్కకు జరిపి నమిలేటప్పుడు బరువు పడేది కోరపన్ను మీదే. ఆ బరువు దాని మీద పెడితే బక్క ఎద్దుకు మోట కట్టినట్టు ఉంటుంది.

అక్కా, ముందు సీబీసీటీ స్కాన్, అంటే దవడను అన్ని వైపుల నుంచీ చూపించే త్రీడీ స్కాన్ తీయించండి. ఓపీజీ గోడ మీద పడ్డ నీడ లాంటిది, లోతు చెప్పదు. పన్ను కొన ఎక్కడుంది, పక్క పన్ను వేరును తింటోందా, దాని చుట్టూ నీటి సంచి లాంటిది ఏమైనా పెరుగుతోందా అన్నవి స్కాన్‌లోనే కనిపిస్తాయి. ఆ సినిమా తీసుకుని క్లిప్పులు వేసే డాక్టరు దగ్గరికి కూడా పోయి రండి. పీకే మాట, లాగే మాట రెండూ విన్నాకే అడ్వాన్సు కట్టండి.

హనుమకొండ అక్క · మార్చి 5, సాయంత్రం 6:20

స్కాన్ అయింది. 2,500 తీసుకున్నారు. గడ్డం ఒక దిమ్మె మీద ఆనించి నిలబడితే మిషన్ తల చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది, నిమిషం కూడా పట్టలేదు. కంప్యూటర్‌లో నా దవడను గుమ్మడికాయ తిప్పినట్టు తిప్పి చూపించారు. పన్ను ముక్కు కింద నుంచి అడ్డంగా పోయి, కొన నడిమి పన్ను దాకా వచ్చింది. మధ్యలో ఉన్న చిన్న పన్ను వేరుకు ఆనుకుని, వేరు కొన కొంచెం అరిగింది. చుట్టూ నల్లటి నీడ కూడా మామూలు కంటే వెడల్పుగా ఉందన్నారు.

క్లిప్పుల డాక్టరమ్మ నిజాయితీగా చెప్పారు: "పన్ను ఇంత అడ్డంగా ఉంది, వయసు ముప్పై దాటింది. రెండేళ్లు పైనే పడుతుంది. బొక్కకు అతుక్కుపోయి ఉంటే గొలుసు కట్టినా కదలదు, ఆ సంగతి కట్టాకే తెలుస్తుంది." అట్లని వదిలేస్తే పక్క వేరు ఇంకా పోతుందట.

అంటే తీయించక తప్పదు. ఒకసారి తేలిపోయాక మనసు తేలికైంది.

భూపాలపల్లి బొగ్గన్న · మార్చి 5, రాత్రి 8:05

చెల్లె, ఇంప్లాంట్ సంగతి నన్ను అడుగు, రెండుసార్లు వేయించుకున్నవాణ్ని.

సింగరేణి కేటీకే బొగ్గుగనిలో పని. లోపల బీడీ, అగ్గిపెట్టె నిషేధం కాబట్టి మా వాళ్లలో ఖైనీ పెట్టని బుగ్గ తక్కువ. నాకు షుగర్ కూడా ఉంది. డాక్టరు అడిగితే "కొద్దిగా ఉంది సార్" అన్నా. అబద్ధం. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) అప్పుడు 9.2. కింద దవడ పన్ను చోట స్క్రూ వేశారు, కుట్లు మానాయి, అంతా బాగుంది. మూడో నెలలో క్యాప్ కొలతలకని పోతే, డాక్టరు పానా పెట్టి కొద్దిగా తిప్పేసరికి స్క్రూ నొప్పి లేకుండా చేతిలోకి వచ్చేసింది. బురదలో పాతిన గుంజ తీసినట్టు. బొక్క దాన్ని పట్టుకోనే లేదు.

ఖైనీ మానేశా, షుగర్ 6.8కి తెచ్చా, ఎనిమిది నెలలు ఆగి మళ్లీ వేయించా. ఇది నిలబడింది. మొదటిసారి వేసిన డాక్టరును ఊరంతా తిట్టా. తప్పు నాది.

మండిబజార్ భాయ్ · మార్చి 6, ఉదయం 7:12

అప్పా, ఒక మాట అడిగి పెట్టుకోండి. మా అన్నకు ఇంప్లాంట్ ముందు బొక్క తక్కువుందని పౌడర్ వేశారు. వేశాక డబ్బా చూస్తే జంతువుదని ఉంది. ఏ జంతువో అర్థంకాక వారం రోజులు ఇంట్లో పంచాయితీ. డాక్టరు గారూ, దీని సంగతి చెప్పండి.

జమ్మికుంట పళ్ల డాక్టరు · మార్చి 6, రాత్రి 11:30

మంచి ప్రశ్న. చాలామంది అడగరు, చాలామంది డాక్టర్లూ చెప్పరు. అడ్డంగా ఉన్న కోరపన్ను తీస్తే పెద్ద గుంత పడుతుంది. దాన్ని నింపే పౌడర్లలో ఎక్కువగా వాడేది పశువుల ఎముక నుంచి తీసింది. అందులోని మాంసకృత్తులు పోయేదాకా శుద్ధి చేసి ఖనిజాన్ని మాత్రమే మిగులుస్తారు. మనుషులు దానం చేసిన ఎముకదీ ఉంటుంది, పూర్తిగా ల్యాబులో చేసిన క్యాల్షియం ఫాస్ఫేట్ రకమూ ఉంటుంది. పైన కప్పే పలచటి పొర పందిదీ కావచ్చు, పశువుదీ కావచ్చు. మత నమ్మకం ఉన్నవాళ్లు, శాకాహారులు ముందే చెబితే ల్యాబు రకం తెప్పిస్తారు. మత్తు ఇచ్చి కోత పెట్టాక అడిగితే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక అదే రోజు ఇంప్లాంట్. అది మోసం కాదు, సరైన కేసులో మేమూ చేస్తాం. పన్ను మామూలుగా పీకితే గోడలు మిగులుతాయి, స్క్రూ బిగుస్తుంది. మీకు అంగిలి వైపు బొక్క తవ్వి తీయాలి, పైగా చుట్టూ నీడ ఉందంటున్నారు. తవ్విన గుంతలో గుంజ పాతరు కదా. పౌడర్ నింపి నాలుగైదు నెలలు ఆగమని అడగండి. చుట్టూ ఉన్న సంచి కండను పారేయకుండా ల్యాబుకు పంపమనీ చెప్పండి.

ఎన్ఐటీ లోహం · మార్చి 7, మధ్యాహ్నం 1:10

మెటలర్జీ వాణ్ని, స్క్రూ గురించి నాలుగు మాటలు. ఇది టైటానియం. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలిబొక్కలో రక్త ప్రసరణ చూడటానికి టైటానియం గొట్టం పెట్టాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు, బొక్క దానికి అతుక్కుపోయింది. అక్కడ మొదలై 1965లో మొదటి మనిషి దవడ దాకా వచ్చింది. గాలి తగిలిన క్షణంలోనే టైటానియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఒంట్లో అది తుప్పు పట్టదు, బొక్క కూడా దాన్ని పరాయిదిగా చూడదు. అయస్కాంతానికి అంటదు కాబట్టి రేపు ఎమ్మారై తీయాల్సి వచ్చినా భయం లేదు, పెట్టించుకున్నట్టు చెబితే చాలు.

కాజీపేట రైలుబండి · మార్చి 7, మధ్యాహ్నం 1:25

కుందేలుకు పన్ను పెట్టబోయి మనిషికి పెట్టారన్నమాట.

ఎన్ఐటీ లోహం · మార్చి 7, మధ్యాహ్నం 1:31

నేను రాసింది మళ్లీ చదువు తమ్ముడూ.

హనుమకొండ అక్క · మార్చి 24, రాత్రి 8:50

వారం కింద అయిపోయింది. మొదటి హాస్పిటల్ కాదు, స్కాన్ తెర మీద పెట్టి అరగంట మాట్లాడిన ఇంకొకాయన దగ్గర చేయించుకున్నా. ఉన్నది ఉన్నట్టు చెబుతా.

అన్నిటికంటే నొప్పి పెట్టింది అంగిట్లో వేసిన సూది. అక్కడ చర్మం బొక్కకు అంటుకుని ఉంటుందట, మందు పట్టడానికి జాగా ఉండదు. పది లెక్కపెట్టేలోగా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత నొప్పి లేదు, ఒత్తిడి, శబ్దమే. పళ్ల లోపలి వైపు చిగురును పుస్తకం అట్ట తెరిచినట్టు లేపారు. మిషన్ పెట్టినప్పుడు పుర్రె మొత్తం బోరింగ్ వేస్తున్నట్టు మోగింది. పన్ను ఒక్కసారిగా రాలేదు, తలను వేరును విడదీసి రెండు ముక్కలుగా తీశారు. గంటా పది నిమిషాలు. నా పన్ను నాకు చూపించారు, నా చిటికెన వేలిలో సగం పైనే ఉంది. ఇంత పొడుగుది ముక్కు కింద పెట్టుకుని తిరిగానా అనిపించింది.

అంగిట్లో చిగురు కింద రక్తం చేరకుండా ప్లాస్టిక్ ప్లేటు నొక్కి పెట్టారు. మొదటి రోజు చల్లార్చిన రాగి జావ, మజ్జిగ. వేడివి, కారం, స్ట్రా వద్దన్నారు. రెండో రోజు నుంచి ఉప్పునీళ్ల పుక్కిలింత. మూడో రోజు చెంప బూరె లాగా పొంగింది, ఐదో రోజుకు తగ్గింది. ముందు పళ్ల వెనక అంగిలి ఇంకా మొద్దుబారినట్టుంది, కొన్ని వారాల్లో పోతుందన్నారు. ల్యాబు రిపోర్టు మామూలే వచ్చింది, దేవుడి దయ. పౌడర్ ల్యాబు రకమే వేయించుకున్నా. భాయ్‌కి థాంక్స్, మా అత్తమ్మ తరఫున కూడా.

హనుమకొండ అక్క · ఏప్రిల్ 2, రాత్రి 9:15

ముందు పన్ను లేకుండా క్లాసుకు పోలేను కదా, తీసి పెట్టుకునే పన్ను ఇచ్చారు. దాని ప్లేటు అంగిలికి ఆనుకోవడంతో "శ" పలకదు, ఈలలా వస్తోంది. నాకేమో ఏడో తరగతికి శాతాలు చెప్పాల్సిన వారం. "ఇరవై శాతం" అనేసరికి వెనక బెంచీ వాళ్లు ఈల వేశారు. మూడు రోజులు "నూటికి ఇరవై" అని నెట్టుకొచ్చా.

పరకాల పిల్ల · ఏప్రిల్ 2, రాత్రి 9:40

ఇంట్లో పేపర్ గట్టిగా చదవండి అక్కా, రోజూ పావుగంట. నాలుక వారంలో దారి వెతుక్కుంటుంది. భోజనం చేసేటప్పుడు తీసి కాగితంలో చుట్టి పెట్టకండి. నేను పెళ్లి భోజనంలో అట్లే పెట్టి విస్తరితో పాటు పారేశా.

హనుమకొండ అక్క · ఆగస్టు 19, రాత్రి 9:05

మొన్న శుక్రవారం స్క్రూ వేశారు. పోయినదానితో పోలిస్తే ఇది అసలు లెక్కలోదే కాదు, ఇరవై ఐదు నిమిషాలు. కొత్త బొక్క బాగా నిండిందని స్కాన్ చూసి చెప్పారు. పైదవడ బొక్క మెత్తన కాబట్టి క్యాప్‌కు ఇంకో నాలుగు నెలలు ఆగాలి.

డాక్టరు గారూ, ఇంకో విషయం. మా పాపకు పదేళ్లు. నాకున్నది దానికీ వస్తుందా?

జమ్మికుంట పళ్ల డాక్టరు · ఆగస్టు 19, రాత్రి 11:52

కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉంది. మీ పాపది సరిగ్గా చూపించాల్సిన వయసు. పాల కోరపన్ను పైన, చిగురు బయటి వైపు వేలితో తడిమితే శనగగింజంత ఉబ్బు తగలాలి. ఒక పక్క తగిలి ఇంకో పక్క తగలకపోతే ఎక్స్-రే తీయించండి. పన్ను అంగిలి వైపు వాలుతున్నట్టుంటే, ఈ వయసులో ఆ పాలపన్ను ఒక్కటి తీసేస్తే చాలామందిలో లోపలిది తనంతట తనే దారిలో పడుతుంది. మీకు ఐదు నిమిషాల్లో అయ్యేది పాతికేళ్లు ఆలస్యమైంది.

పరకాల పిల్లకు కూడా చెబుతున్నా, రేపు మీ పిల్లల్లో ఇట్లాంటిది కనిపించినా, పుట్టుకతోనే పన్ను లేకున్నా, పద్దెనిమిది నిండకుండా ఇంప్లాంట్‌కు తొందరపడొద్దు. మగపిల్లలకైతే ఇంకా ఆగాలి. దవడ పెరుగుతూ పక్క పళ్లు కిందికి దిగుతాయి, స్క్రూ మాత్రం పెట్టిన చోటే ఉంటుంది. కొన్నేళ్లకు ఆ పన్ను పొట్టిగా కనిపిస్తుంది.

హనుమకొండ అక్క · అక్టోబర్ 11, ఉదయం 10:30

సద్దుల బతుకమ్మకు పుట్టింటికి వచ్చాను. పాపకు ఎడమ పక్క ఉబ్బు తగల్లేదు. ఎక్స్-రేలో కొంచెం వాలింది. పోయిన వారం పాలపన్ను తీయించాం, ఆరు నెలలకు మళ్లీ చూస్తారు.

ఇక రైలుబండి తమ్ముడికి. మా అమ్మ వాళ్లది పెంకుటిల్లే. నా పాలపన్ను మార్చి నుంచి అగ్గిపెట్టెలో దాచి ఉంచా. నిన్న పాప తన పన్నుతో పాటు నాదీ పేడముద్దలో పెట్టి విసిరింది. దానిది పెంకుల మీద నిలిచింది. నాది జారి మళ్లీ వాకిట్లో పడింది.

కాజీపేట రైలుబండి · అక్టోబర్ 11, ఉదయం 10:34

అందుకే స్క్రూ.

హనుమకొండ అక్క · 2025 జనవరి 15, సాయంత్రం 5:45

డిసెంబర్ చివర్లో పింగాణీ లాంటి జిర్కోనియా క్యాప్ బిగించారు. రంగు కోసం నన్ను కిటికీ దగ్గర ఎండలో నిలబెట్టి షేడ్ పలక పక్కన పెట్టి చూశారు. ఖర్చు అడిగినవాళ్లకు: స్కాన్ 2,500, ఆపరేషన్ 14,000, పౌడరూ పొరా 12,000, తాత్కాలిక పన్ను 2,500, స్క్రూ క్యాప్ కలిపి 38,000. మొత్తం 69 వేలు, పదకొండు నెలల్లో విడతలుగా. ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వలేదు, పంటి పని లెక్కలోకి రాదన్నారు.

నిన్న పండుగకు సకినాలు. మొదటిది కుడి పక్కే నమిలా. రెండోది ధైర్యం చేసి ఎడమ పక్క పెట్టా. సొంత పన్నుతో కొరికితే గట్టిదనం తెలుస్తుంది. దీంతో తెలియదు, శబ్దం మాత్రం చెవిలోకి నేరుగా వస్తుంది, గోడకు మేకు కొట్టినట్టు. నువ్వుల గింజ ఒకటి క్యాప్ పక్క సందులో ఇరికి సాయంత్రం దాకా సతాయించింది.

జమ్మికుంట పళ్ల డాక్టరు · జనవరి 15, రాత్రి 11:40

సొంత పన్నుకు వేరు చుట్టూ మెత్తటి నార ఉంటుంది, ఒత్తిడి తెలిసేది దానితోనే. స్క్రూకు అది లేదు, అందుకే ఎంత గట్టిగా కొరుకుతున్నారో మీకు తెలియదు. సకినం విరిచి తినండి, కొరికి కాదు. సందు బ్రష్ రోజూ రాత్రి వాడండి. స్క్రూ పుచ్చిపోదు గానీ చుట్టూ చిగురు వాచి బొక్క కరుగుతుంది, అదీ నొప్పి లేకుండా.

స్క్రూ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ ఇచ్చారా? పదేళ్ల తర్వాత క్యాప్ వదులైతే, ఇంకే ఊళ్లో ఉన్నా, దానికి సరిపోయే పానా దొరకాలంటే అది కావాలి.

హనుమకొండ అక్క · జనవరి 16, ఉదయం 6:50

ఇచ్చారు సార్. నా పదో తరగతి మెమో వెనక అతికించా. ఇంట్లో ఎన్నడూ పోని కాగితం అదొక్కటే.